మైలుతుత్తం రంగు ఇల్లు

రాజురా తాలూకాను ముందు ఆదిలాబాదు జిల్లాలోంచి తీసి నాందేడులో కలిపారు. అక్కడ కుదురుకోకముందే నాందేడులోంచి తీసి చాందాలో కలిపారు. జనం ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు; సర్కారు కచేరీలే కాళ్లొచ్చినట్టు ఊళ్లు మారాయి. చంద్రపూరును అప్పుడింకా చాందా అనేవారు. రాజురాలో విత్తనాలూ కిరాణా సరుకూ అమ్ముకునే రామకిషన్ ఈ తిరుగుళ్లన్నీ చూసి, కచేరీ ఉన్నచోటే బేరం ఉంటుందని తేల్చుకున్నాడు. కూతుళ్లిద్దరూ అత్తవారిళ్లలో ఉన్నారు కాబట్టి తల్లి లక్ష్మీబాయినీ భార్య అనసూయనూ వెంటబెట్టుకుని వార్ధా నది దాటి చాందాకు వచ్చేశాడు. బజారులో దుకాణం దొరికింది. కోటగోడ లోపల, అంచలేశ్వర్ దర్వాజాకు దగ్గరగా ఒక సందులో పాత ఇల్లు దొరికింది.

ఇల్లు గట్టిదే. టేకు దూలాలు, మోకాలెత్తు అరుగు, మందపాటి ఇటుక గోడలు. చాలా ఏళ్లుగా అందులో ఎవరూ కాపురం లేరు. ఎవరో కొన్నాళ్లు పత్తి నింపుకుని, ఆ తర్వాత వదిలేశారట. లోపల దులిపి, అలికి, మనుషులుండేలా చేసుకోవడానికి అనసూయకు ఆ ఎండకాలమంతా సరిపోయింది. వానలు వెనక్కిపోయాక బయటి గోడల సంగతి వచ్చింది.

రంగు దగ్గర ముగ్గురివీ మూడు దారులు. రామకిషన్‌కు తెలుపు కావాలి. సావుకారి ఇల్లంటే సందు మొదట్లోంచే తెల్లగా కనబడాలని అతని పట్టు. లక్ష్మీబాయికి పసుపు కావాలి, కింద ఎర్రటి జాజు పట్టీతో. రాజురా ఇంటికి తను కాపురానికి వచ్చిన నాటినుంచీ అదే వేయించింది. పొద్దున లేవగానే ఆ పసుపు గోడ కనబడకపోతే తానెక్కడున్నదో తెలియడం లేదని రోజుకోసారైనా అనేది. అనసూయకు ఏ రంగు మీదా ప్రత్యేకమైన మోజు లేదు. కానీ లాల్‌పేట్ బొగ్గుగనుల వైపు నుంచి గాలి తిరిగినప్పుడల్లా ఆరేసిన చీరల మీద నల్లటి పొడి రాలడం చూసింది. తెల్ల గోడ నాలుగు నెలలకే పొయ్యి వెనక గోడలా అవుతుందని, వద్దంటే వద్దని చెప్పింది.

వెల్ల వేసే భూమన్న వచ్చి, ముందు పాత పెచ్చులు గీకితే గానీ ఏ రంగూ నిలవదన్నాడు. గీకడం మొదలుపెట్టాడు. పైన మురికి తెలుపు, దాని కింద గులాబి, దాని కింద మళ్లీ తెలుపు, ఒకదాని మీద ఒకటి పొరలు పొరలుగా తెల్లసున్నం. ఇంత తెలుపు ఎవరేశారో గానీ దేన్నో కప్పడానికి వేసినట్టే ఉందని భూమన్న మామూలుగానే అన్నాడు. అన్నిటికంటే అడుగున ఇంకో రంగు బయటపడింది. నీలం కాదు, ఆకుపచ్చ కాదు. నెమలి మెడ మీది రంగును పాలలో కలిపితే ఎలా ఉంటుందో అలా ఉంది. అరచేతి వెడల్పు తేలిన ఆ ముక్క నిన్ననే వేసినంత నిగారింపుగా ఉంది.

అనసూయ బొటనవేలు తడి చేసి దాన్ని రుద్ది చూసింది. అదేమిటో ఆమెకు ఇట్టే తెలిసిపోయింది. జొన్న విత్తనానికి తెగులు పట్టకుండా రైతులు మైలుతుత్తం నీళ్లలో తడుపుతారు. రాజురా దుకాణంలో ఆ గోనెలు విప్పినప్పుడల్లా ఆమె చేతులు ఇదే రంగుకు తిరిగేవి. ఎవరో ఒకప్పుడు సున్నంలో మైలుతుత్తం కలిపి ఈ ఇంటికి కొట్టారు.

ఆ రంగు ఆమెకు నచ్చింది. చల్లగా ఉంది. మీద బొగ్గుపొడి పడినా తెలియదు. చెదలు రావు, వాననీటికి పాచి పట్టదు. పైగా బయట కొనక్కర్లేదు, సరుకు దుకాణంలోనే ఉంది. ఆ చివరి మాటకు రామకిషన్ తలూపాడు. లక్ష్మీబాయి ముఖం తిప్పుకుని, ఇంటికి విషం పూస్తారా అని గొణిగి ఊరుకుంది.

మొదటి పూత ఆరిన రోజు ఎదురింటి రాజక్క ఎప్పటిలాగే మజ్జిగ చెంబు పట్టుకుని బయటికి వచ్చింది. అరవైకి దగ్గర పడిన మనిషి, ముండమోసి ఒంటరిగా ఉంటుంది. ఆ సందులో వీళ్లతో తెలుగు మాట్లాడే తోడు ఆమె ఒక్కతే. గడప దిగి, తలెత్తి గోడ చూసి, అక్కడే ఆగిపోయింది. చెంబును సందు మధ్యలో మట్టి మీద పెట్టి, వెనక్కి నడిచి, తలుపు మూసుకుంది. అనసూయ పిలిచినా పలకలేదు. ఆ రోజు నుంచి రాజక్క తన వీధి తలుపు తీయడమే మానేసి, పెరటి దారిన తిరగసాగింది.

భూమన్న రెండో పూత ముగించి వెళ్లిన మర్నాడు మధ్యాహ్నం అనసూయ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. లోపల అత్త నిద్రపోతోంది. తలెత్తేసరికి సందుకు అవతల, మురుగునీళ్ల మోరీ పక్కన, ఒక ముసలమ్మ నిలబడి ఉంది. నది అవతల కోర్పనా వైపు పల్లెల ఆడవాళ్లు కట్టే గోచీ చీర, చేతులకు కంచు కడియాలు, చంకలో ఒక మూట. చీర మోకాళ్ల దాకా తడిసి, నీళ్లలో నడిచి వచ్చినట్టుంది.

“అమ్మా, మా రాజలింగు అన్నం తింటుండా?” అని అడిగింది.

ఇక్కడ అలాంటివాళ్లెవరూ లేరని, ఎవరిల్లు వెతుకుతున్నారని అనసూయ అడిగింది. ముసలమ్మ గోడ వైపు చూసి, “గిదే ఇల్లు. తుత్తం రంగు ఇల్లు. నేనే దించి పోతిని కదా బిడ్డా వాన్ని, గా అరుగు మీద,” అంది. గొంతులో తగవు లేదు, తొందర లేదు. లోపలికొచ్చి చూసుకోమని అనసూయ పిలిస్తే, మోరీ దాటి రావద్దని చెప్పిండ్రు కదా అని, ఉన్నచోటే మోకాళ్లు మడిచి కూర్చుంది.

ఎండ పూర్తిగా ఆమె మీద పడుతోంది. అనసూయ లోపలికి వెళ్లి వచ్చింది, మళ్లీ వెళ్లి వచ్చింది. ముసలమ్మ కదల్లేదు. అంత ఎండలో చీర అంచు ఆరలేదు. దాని కింద మట్టి తడవనూ లేదు. ఆ సంగతి చూసి అనసూయ గడప దాకా వెనక్కి జరిగింది. ఎవరితో మాట్లాడుతున్నావని లోపల్నుంచి అత్త కేకేసింది. ఎలాగైనా ఆ మనిషిని పంపించేస్తే చాలనిపించి, అనసూయ నోటికొచ్చింది అనేసింది.

“తింటుండు. బాగనే ఉన్నడు.”

ముసలమ్మ ముఖం విప్పారింది. లేచి, మూటను మోరీ గట్టు మీద పెట్టి, రేపు మళ్లీ వస్తానని చెప్పి దర్వాజా వైపు నడిచింది. అనసూయ మూట తీసి విప్పితే లోపల మట్టి ముంతలో జొన్నరవ్వ ఉడికించిన గట్క ఉంది. ఇప్పుడే పొయ్యి మీంచి దించినట్టు వేడిగా ఉంది. పిలుద్దామని తలెత్తింది. దర్వాజా దాకా తిన్నగా ఉన్న సందులో మనిషి లేదు.

ఆ ముంతను ఆమె పెరట్లో పెట్టింది. సాయంత్రం చేత్తో ముట్టుకుంటే కాలింది. పొద్దున ముట్టుకున్నా కాలింది. పాలవాడి గేదె ముందు పోస్తే, గేదె మూతి దగ్గరికి తెచ్చి, గట్టిగా ఊపిరి వదిలి, కట్టుకొయ్యను లాక్కుంటూ వెనక్కి జరిగింది.

మరునాడు ముసలమ్మ ఒక్కతే రాలేదు. పక్కన ఎర్ర తలపాగా రైతు ఒకడు, చేతులు కట్టుకుని నిలబడ్డ ఒక నడివయసు ఆడమనిషి ఉన్నారు. ముగ్గురివీ మోకాళ్ల దాకా తడి బట్టలే. రైతు తన తమ్ముడు పోశన్న సంగతి అడిగాడు. ఆడమనిషి పేరు చెప్పలేదు, మా పిల్ల అని మాత్రం అంది. ఒకసారి ఆడిన మాట వెనక్కి తీసుకోలేక, అనసూయ అందరికీ బాగున్నారనే చెప్పింది. ఆ తర్వాత రోజు ఇంకా ఎక్కువమంది వచ్చారు. ఎవరూ గొడవ చేయరు, ఒకరినొకరు తోసుకోరు. ఎదురు గోడ వెంట వరసగా నిలబడి, తమ వంతు వచ్చాక అడిగి, జవాబు విని, ఆ ఒక్క మాటనే కొంగుకు కట్టుకున్నట్టు తీసుకుపోతారు.

ఆ రోజే రామకిషన్ భోజనానికి వేళ కాని వేళ వచ్చాడు. అనసూయ అరుగు మీంచి చూసింది. అతను సందు మధ్యలోంచి నడిచి వస్తుంటే వాళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఎర్ర తలపాగా మనిషి భుజానికి భుజం తగిలేంత దగ్గరగా వచ్చాడు. రామకిషన్ అటు చూడలేదు. అరుగెక్కి, గొడుగు మూసి, ఈ సందులో ఎక్కడినుంచో ఏటి గాలి కొడుతోంది, చల్లగా ఉంది అన్నాడు.

ఆమె అన్నం వడ్డించింది గానీ తినలేకపోయింది. అతను మళ్లీ దుకాణానికి వెళ్లాక, ఇంకా అక్కడే ఉన్న ముసలమ్మను, ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని అడిగింది. అడగకుండా ఉండలేకపోయింది.

“ఇన్నొద్దులు నాకా కాడ ఆపిండ్రు బిడ్డా,” అంది ముసలమ్మ. “ఇప్పుడు నాకా లేదు. ఎవ్వరు ఆపుతలేరు. నది దాటనిస్తుండ్రు.”

నది ఒడ్డున నైజాం కాలపు సుంకం నాకా అనసూయ చిన్నప్పటినుంచీ చూసిందే. ఇటు నైజాం, అటు ఇంగ్లీషువాళ్లు. మధ్యలో దారికి అడ్డంగా వేసిన ఆ కమ్మీ. ఇప్పుడు రెండు ఒడ్లూ ఒకే జిల్లా. కమ్మీని ఊడబెరికిన చోట గడ్డి మొలిచింది. ఆ సంగతి బతికున్నవాళ్లకే కాదు, ఇంకెవరికో కూడా తెలిసిందని ఆమెకు అప్పుడు అర్థమైంది.

ఆ సాయంత్రం ఆమె పెరటి దారిన వెళ్లి రాజక్క తలుపు కొట్టింది. కొట్టి ఊరుకోలేదు, తీసేదాకా కొట్టింది. రాజక్క తీసింది. అనసూయ చెప్పిందంతా కూర్చుని విన్నది. రాజలింగు పేరు వినగానే కొంగు నోట్లో కుక్కుకుంది. కొంగు తీసి చెప్పడం మొదలుపెట్టింది.

అది నలభై ఏళ్ల కిందటి పెద్ద జ్వరాల ఏడు. రాజక్క అప్పుడు కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల. ఈ రెండు ఇళ్లూ ఆమె అత్త సారక్కవే. చాందాలో డాక్టరు ఉన్నాడని నది అవతలి పల్లెలవాళ్లు జ్వరం పడ్డవాళ్లను బండ్లలో వేసుకొచ్చేవారు. దవాఖానాలో చోటు లేక రోడ్ల మీద పడుకోబెడుతుంటే సారక్క చూడలేక ఈ ఇంటి తలుపులు తీసింది. రోగం అంటకుండా ఉంటుందని సున్నంలో మైలుతుత్తం కలిపి లోపలా బయటా కొట్టించింది. చదువురాని వాళ్లకు ఇల్లు గుర్తుపట్టడానికి కూడా ఆ రంగే పనికొచ్చింది. తెచ్చినవాళ్లు లోపలికి రాకుండా మోరీ అవతల నిలబడి కబురు అడిగి పోవాలని నియమం పెట్టింది. మూడు నాలుగు రోజులు అలా జరిగింది. తర్వాత రోగం పాకుతోందని నది దగ్గర రాకపోకలు ఆపేశారు. దించిపోయినవాళ్లెవరూ మళ్లీ రాలేకపోయారు. లోపల ఉన్నవాళ్లలో బతికి లేచినవాళ్లు వేళ్ల మీద లెక్క. మిగిలినవాళ్లను ఝర్పట్ ఏటి పక్కన పూడ్చారు. అందరికంటే చివర సారక్కనూ అక్కడికే తీసుకుపోయారు. నది అవతల పల్లెల్లో కూడా జనం రాలిపోయారు. ఎవరికి ఎవరి కబురు చెప్పాలో తెలియలేదు. చెప్పించుకోవలసినవాళ్లే లేకుండా పోయారు. ఆ తర్వాత రాజక్క మామ ఆ గోడల మీద ఏటా తెల్లసున్నం కొట్టించాడు, ఆ రంగు కనబడనంత వరకూ.

అనసూయ తాను చెప్పిన అబద్ధం గురించి అప్పుడు చెప్పింది. బాగున్నారని విన్నవాళ్లు మళ్లీ మళ్లీ రాక ఏం చేస్తారు? అలా ఎన్నాళ్లు తిప్పాలి? రేపు నిజం చెప్పాలి. కానీ తనకు నిజం తెలియదు, తెలిసింది రాజక్క ఒక్కతికే. కాబట్టి ఆమె రావాలి. రాజక్క రానంది. నాలుగుసార్లు రానంది, ఐదోసారికి ఏడ్చింది. మర్నాడు మధ్యాహ్నానికి మాత్రం వీధి తలుపు గడియ తీసిన చప్పుడైంది.

ఇద్దరూ అరుగు మీద నిలబడ్డారు. ఎదురుగా గోడ పొడవునా వాళ్లు. ముందు ముసలమ్మ, చంకలో కొత్త మూట.

“నాకు ఎవ్వరు కనబడుతలేరు, అనసూయా,” అంది రాజక్క. ఆమె ముఖం వాళ్లున్న వైపు కాక కొంచెం పక్కకు తిరిగి ఉంది. అనసూయ భుజాలు పట్టుకుని ఆమెను ముసలమ్మకు ఎదురుగా తిప్పింది.

“నువ్వు చెప్పు. వింటుంది.”

రాజక్క ఖాళీ మోరీ వైపు చూస్తూ చెప్పింది. రాజలింగు బక్కపలచటి పిల్లగాడు, చెవులకు వెండి పోగులుండేవి. వచ్చిన మూడోనాడు తెల్లవారుజామున పోయాడు. ఎక్కువ బాధపడలేదు, నిద్రలోనే పోయాడు. ఇన్నేళ్ల తర్వాత చెబుతున్నందుకు ఏమీ అనుకోవద్దని కూడా చెప్పింది.

ముసలమ్మ ఏడవలేదు. ఆ తుత్తం గోడ వైపు చూసింది. తర్వాత ఒక్క మాట అడిగింది. అనసూయ ఆ మాట రాజక్కకు చెప్పింది.

“నీళ్లు అడిగిండా, ఇచ్చిన్రా అంటుంది.”

రాజక్క చూపు అప్పుడు మొదటిసారి సరిగ్గా ఆ చోట నిలిచింది. “అడిగిండు. నా చేతుల్తోటే తాపిన. చెంబెడు తాగిండు,” అంది.

ముసలమ్మ తలూపింది. మూటను మళ్లీ చంకలో సర్దుకుంది, ఈసారి గట్టు మీద వదలలేదు. వెనక్కి తిరిగి ఎర్ర తలపాగా మనిషితో, అడుగు, ఈ అమ్మ నిజం చెప్తది అన్నట్టు చెయ్యి ఊపి, దర్వాజా వైపు నడిచింది. ఈసారి అనసూయ రెప్ప వేయకుండా చూసింది. నడుస్తూ నడుస్తూ ఆమె చీర అంచు ఆరిపోయింది. పొడి బట్టలతో వెళ్లే మనిషిలా దర్వాజా దాటింది.

పొద్దు వాలేదాకా అదే పని. అడిగేది వాళ్లు, అందించేది అనసూయ, జ్ఞాపకం చేసుకునేది రాజక్క. కొన్ని పేర్లకు రాజక్కకు ఏమీ గుర్తు రాలేదు. అప్పుడు ఆ మాటే చెప్పారు: తెలియదు, కానీ ఇక్కడ పడుకున్నవాళ్లలో నీళ్లు అందనివాళ్లు ఎవరూ లేరు. అది చాలన్నట్టు వాళ్లు వెళ్లిపోయారు. మర్నాడు కొందరు, ఆ మర్నాడు ఇంకా తక్కువమంది. ఆ తర్వాత సందులో ఎండ, కోళ్లు, లాల్‌పేట్ నుంచి వచ్చే బొగ్గుపొడి తప్ప ఇంకేమీ లేదు.

ఈలోగా ఊళ్లో మాట పుట్టింది. ఇద్దరు ఆడవాళ్లు అరుగు మీద నిలబడి గోడకు కబుర్లు చెబుతున్నారని ఎవరో దుకాణంలోనే రామకిషన్ ముఖం మీద అన్నారు. అతను ఇంటికొచ్చి భార్యను అడిగాడు. అనసూయ దాచకుండా చెప్పింది. అతను తిట్టలేదు, నవ్వలేదు. అదే ఆమెకు ఎక్కువ కష్టమనిపించింది. జ్వరం వచ్చిందేమోనని నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. మరునాడే భూమన్నకు కబురు పంపి, పసుపు రంగు, కింద జాజు పట్టీ వేయమన్నాడు. ఎవరూ రావడం లేదు కాబట్టి అనసూయ అడ్డు చెప్పలేదు. లక్ష్మీబాయి అరుగు మీద కూర్చుని పసుపు గోడను తడిమి తడిమి చూసుకుని, ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నది. రాజక్క మళ్లీ వీధి తలుపు తీసి మజ్జిగ తేసాగింది.

చలికాలం అలాగే గడిచిపోయింది.

మాఘమాసం చివర్లో ఒక రోజు రామకిషన్ పట్టపగలు దుకాణం మూసుకుని ఇంటికి వచ్చాడు. పెళ్లయినప్పటినుంచీ అలా ఎన్నడూ రాలేదు. అరుగు మీద కూర్చున్నాడు. నీళ్లు ఇస్తే తాగలేదు, చెంబు చేతిలో పట్టుకునే ఉన్నాడు.

దుకాణం ముందుకు ఒక మనిషి వచ్చాడట. వయసులో ఉన్న మనిషి, భుజాన గొంగడి. మెట్టు ఎక్కమంటే ఎక్కలేదు. లోపల మైలుతుత్తం గోనె విప్పి ఉంటే దానివంక చూస్తూ, ఈ రంగు ఇల్లు ఎక్కడుందని అడిగాడట. మా గౌరమ్మను దించి వచ్చిన, ఇల్లు దొరుకుతలేదు, ఊరంతా తిరుగుతున్న అన్నాడట. అలాంటి ఇల్లు ఇప్పుడు లేదని, రంగు మార్చేశామని రామకిషన్ చెప్పాడు. ఆ మనిషి సరేనని, వెళ్లడానికి తిరిగాడు.

“పంచె మోకాళ్ల దాక తడి,” అన్నాడు రామకిషన్. “దుకాణం ముందర జాగల మాత్రం ఒక్క చుక్క లేదు. ఎండ ఆయన మీద పడుతుంది, నీడ పడుతలేదు. నేను ఇల్లు లేదని చెప్పిన, అనసూయా.”

సందులో భుజం తగిలేంత దగ్గరున్నా కనబడనివాళ్లు, వెతుక్కుంటూ వచ్చి తననే అడిగేసరికి అతనికీ కనబడ్డారు. ఆమె చెంబు అందుకుని పక్కన పెట్టింది. అతను ఎటు పోయాడని అడిగింది. దర్వాజా వైపు కాదట. బజారులోకి, జనంలోకి, ఒక్కొక్క ఇంటి గోడనూ చూసుకుంటూ పోయాడట. ఆమె లేచి బజారుకు వెళ్లింది. పఠాన్‌పురా దర్వాజా దాకా, మళ్లీ జట్‌పురా దర్వాజా దాకా కోటగోడ వెంట తిరిగింది. సాయంత్రమయ్యాక కాళ్లు లాగుతూ ఇంటికి చేరింది. ఎవరూ కనబడలేదు.

అప్పటికి రామకిషన్ దుకాణానికి పోయి తిరిగి వచ్చాడు. మైలుతుత్తం గోనె తెచ్చి నడవలో దించి ఉంది. భూమన్నకు కబురు కూడా పంపాడు. తల్లి ఏమంటుందోనని ఇద్దరూ అటు చూశారు. ఇంతసేపూ అన్నీ విన్న లక్ష్మీబాయి మంచం మీంచే, తన పసుపు తనకు కళ్లు మూసుకున్నా కనబడుతుందని, ఇల్లు దొరకనివాళ్ల సంగతి ముందు చూడమని చెప్పింది.

భూమన్న పనిలో ఉన్నన్నాళ్లూ రామకిషన్ దుకాణానికి సరిగా వెళ్లలేదు. సున్నంలో తుత్తం తనే కలిపాడు. అడుగున దొరికిన పాత రంగుతో పోల్చి చూసి, చిక్కదనం చాలదని ఇంకా వేశాడు. రెండో పూత ఆరిన మధ్యాహ్నం, తలకు టోపీ పెట్టుకుని, దుకాణంలో గల్లా ముందు కూర్చున్నట్టే అరుగు మీద కూర్చున్నాడు. అనసూయ పక్కన నిలబడింది. రాజక్క పిలవకుండానే వచ్చి గడప మీద కూర్చుంది.

గాలి ముందు వచ్చింది, ఏటి తడి గాలి. సందు మొదట్లో గొంగడి మనిషి కనబడ్డాడు. గోడను చూశాడు. పరుగులాంటి నడకతో వచ్చి మోరీ దగ్గర ఆగాడు. రామకిషన్ వైపు చూసి, తప్పు పట్టినట్టు కాదు, గుర్తుపట్టినట్టు తల వంచాడు. గౌరమ్మ సంగతి అడిగాడు. ఈసారి ఆ మాటను రాజక్కకు అందించింది రామకిషన్, ఒక్క ముక్క వదలకుండా. రాజక్క కళ్లు మూసుకుని వెతుక్కుని చెప్పింది: గౌరమ్మకు వెంట్రుకలు బారుగా ఉండేవి, జ్వరంలో బరువనిపిస్తే రాజక్కే కత్తిరించింది. వారం బతికింది. చివరి రెండు రోజులు ఎవరినీ గుర్తుపట్టలేదు. గొంగడి మనిషి విన్నాడు, ముఖం తుడుచుకున్నాడు, వెళ్లాడు.

అప్పుడు అనసూయ భర్త చెయ్యి పట్టుకుంది. గొంగడి మనిషి తప్పుకున్నాక అతని వెనక సందంతా కనబడింది. ఎదురు గోడ పొడవునా, మూల తిరిగి, అంచలేశ్వర్ దర్వాజా కమాను కింద నుంచి అవతలికి కూడా మనుషులు నిలబడి ఉన్నారు. ముసలివాళ్లు, పిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్లు, కర్రలు పట్టుకున్న రైతులు. అందరివీ తడి బట్టలే. పసుపు గోడ ఉన్న ఆ నెలలన్నీ ఊళ్లో వీధి వీధి తిరిగి అలిసిపోయిన ముఖాలు.

రామకిషన్ లేవలేదు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, సంత రోజున దుకాణం ముందు గుమిగూడిన బేరగాళ్లతో మాట్లాడే గొంతుతోనే, నెమ్మదిగా అన్నాడు.

“తొందర లేదు. ఒక్కొక్కలే అడుగుండ్రి. అందరికి చెప్తం.”